ఒక్క తీగ మీద ముగ్గురు

మామకు చూపు పోయిందని ఉరవకొండలో మా వీధి వీధంతా జాలిపడింది. మామ మాత్రం చూపు కోసం పెద్దగా ఏడవలేదు, రేడియో పోతోందని ఏడ్చాడు. నీటికాసుల జబ్బు, డాక్టర్లు గ్లకోమా అనేది, రెండు కళ్ళనూ కొంచెం కొంచెంగా తినేసింది. ముందు పక్కచూపు పోయింది, తర్వాత మనుషుల ముఖాలు పోయాయి, చివరికి రేడియో మీద వెలిగే అంకెలు పోయాయి. మొదటి రెండింటికీ నోరెత్తని మనిషి, అంకెలు కనబడని రోజు అన్నం ముట్టలేదని అత్త నాకు ఫోన్ చేసి చెప్పింది.

ఆయన మా అమ్మకు అన్న. నేను పెరిగింది ఆయన ఇంట్లోనే. కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం కరెంటుతో, కాపురం అత్తతో, ప్రాణం మాత్రం హ్యామ్ రేడియోతో అని ఇంట్లో ఎగతాళి చేసేవాళ్ళం. హ్యామ్ రేడియో అంటే మరేం లేదు. పరీక్ష రాసి, ప్రభుత్వం దగ్గర లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని ముక్కూ ముఖం తెలియని వాళ్ళతో వైర్‌లెస్‌లో మాట్లాడుకునే సరదా. జీతం లేదు, లాభం లేదు. "ఏమొస్తాది మామా దీన్నుంచి?" అని చిన్నప్పుడు అడిగితే, "ఏమీ రాదు మే. అందుకే బాగుంటాది" అనేవాడు. ఆ జవాబు నాకు తెగ నచ్చింది. పెద్దయ్యాక నేనూ పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాను.

మామకున్నది మామూలు రేడియో పిచ్చి కాదు, ఉపగ్రహాల పిచ్చి. హ్యామ్‌లు తమ కోసం తామే కట్టుకుని పైకి పంపించుకున్న చిన్న చిన్న ఉపగ్రహాలు కొన్ని ఉన్నాయి. కింద నుంచి మనం మాట్లాడితే అవి ఆ మాటను అందుకుని మళ్ళీ కిందికి వదులుతాయి. ఉరవకొండలో అన్న మాట ఆ లెక్కన నేపాల్ కొండల దాకా, ఒమాన్ ఎడారి దాకా పోతుంది. ఉపగ్రహం ఒక దిక్కున లేచి నెత్తి మీదుగా పోయి ఇంకో దిక్కున దిగిపోయే దాకానే ఆ మాటలు. కాఫీ తాగి గ్లాసు కడిగి పెట్టేంత సేపు అనుకోండి. మా సీమకు వానల కొదవే గానీ ఆకాశానికి కొదవ లేదు. చెనక్కాయ, అదే వేరుశనగ, పీకేసిన చేలు, గుట్టల మీద గాలిమరలు తప్ప అడ్డం ఏదీ ఉండదు. ఉపగ్రహం ఇలా లేవడం అలా మా డాబా మీది యాంటెన్నాకు వినబడుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. బస్టాండులో నిలబడి ఉంటే దూరం నుంచి వచ్చే బస్సు హారన్ సన్నగా వినబడి, మనల్ని దాటిపోగానే బొంగురుగా మారిపోతుంది కదా. ఉపగ్రహం అంత వేగంగా పోతుంటే దాని నుంచి వచ్చే మాటకూ అదే గతి. రేడియో అంకెలను, అంటే ఫ్రీక్వెన్సీని, క్షణక్షణం సర్దుతూ ఉండాలి, లేకపోతే మనిషి గొంతు కాస్తా కప్ప గొంతయి, ఆ తర్వాత అదీ పోతుంది. కళ్ళున్న రోజుల్లో మామ ఎడమ చేత్తో మైకు పట్టుకుని, కుడి చేత్తో డయల్ తిప్పుతూ, అంకెల మీద చూపు నిలిపి ఈ సర్దుబాటు చేసేవాడు. ఆయన చెయ్యి చూస్తూ నేను ఎన్నో సాయంత్రాలు గడిపాను. అంత పెద్ద చెయ్యి, అంత మెత్తగా కదిలేది.

చూపు పోయాక నేను ఆదివారాలు కళ్యాణదుర్గం నుంచి వచ్చి ఆయన పక్కన కూర్చునేదాన్ని. కళ్యాణదుర్గంలో నాకు ఒక చిన్న కంప్యూటర్ షాపు ఉంది. అర్జీలు టైపు చేయడం, ప్రింట్లు తీయడం, మొరాయించిన కంప్యూటర్లను దారికి తేవడం నా పని. ఆదివారం మాత్రం మామకు నేనే కళ్ళు. నేను డయల్ తిప్పేదాన్ని, మామ మాట్లాడేవాడు. బాగానే సాగుతోందని నేను అనుకున్నాను. ఒకరోజు ఉపగ్రహం దిగిపోయాక మామ మైకు బల్ల మీద పెట్టి అత్తను పిలిచాడు.

"ఈ డబ్బాను ఇది తీసుకుపోతాది. డాబా మీద యాంటెన్నా కూడా దింపించు" అన్నాడు నా వైపు చెయ్యి చూపి.

"ఎందుకు మామా?" అన్నాను.

"రేడియో నడిపేది నువ్వు. నేను ఊరికే నోరాడిస్తాండా. ఇంకొకరు తిప్పితే మాట్లాడేది నాకొద్దు మే. ఒక్కన్నే కూర్చుని నడిపేకయితే ఉండనీ. లేదంటే తీసుకుపో."

అలిగి అన్న మాట కాదు. మామ అలగడం నాకు తెలుసు, అలిగితే గట్టిగా అరుస్తాడు. ఆ రోజు మెల్లగా మాట్లాడాడు. నాకు కొంచెం గడువిమ్మని బతిమాలుకున్నాను.

నిజానికి దారి సగం నా దగ్గరే ఉంది. మామ రేడియోకు వెనక ఒక కేబుల్ ఉంటుంది. దాన్ని కంప్యూటర్‌కు పెడితే రేడియోను కంప్యూటరే అడగగలదు, కంప్యూటరే నడపగలదు. రేడియో ఏ అంకె మీద ఉందో పైకి చదివి చెప్పే ప్రోగ్రాం ఒకటి పెట్టాను. ఇంగ్లీషులో ఆడగొంతుతో అంకెలు పలుకుతుంది. మామ దానికి "ఆయమ్మ" అని పేరు పెట్టాడు. వంటింట్లోంచి అత్త, "ఎవురు మే ఆయమ్మ? మీ మామతో నాకంటే ఎక్కువ మాట్లాడుతాండాది" అని దెప్పింది. ఉపగ్రహం ఎక్కడుందో లెక్కగట్టి, దాని వేగానికి తగ్గట్టు అంకెలను తనే సర్దే ప్రోగ్రాం ఇంకొకటి ఉంది. మా సీమలో దారిని దావ అంటాం కాబట్టి, దాన్ని దావ చూపే ప్రోగ్రాం అనుకునేవాళ్ళం. ఎవరితో, ఎప్పుడు, ఏ అంకె మీద మాట్లాడామో రాసిపెట్టే ప్రోగ్రాం మూడోది. చూపు లేని మనిషి చేత్తో రాసుకోలేడు కాబట్టి అదీ కావాలి. ఈ మూడూ కలిసి పనిచేస్తే మామకు నా అక్కర లేదు.

కలిసి పనిచేస్తే కదా! కేబుల్ ఒకటే. మొదట తెరిచిన ప్రోగ్రాం ఆ కేబుల్‌ను గుప్పిట్లో పెట్టుకుంటుంది, రెండోదాన్ని దగ్గరికి రానివ్వదు. ఆయమ్మను తెరిస్తే దావ చూపే ప్రోగ్రాం "పోర్టు వాడకంలో ఉంది" అని ముఖం తిప్పుకునేది. దావ చూపేదాన్ని తెరిస్తే ఆయమ్మ మూగబోయేది. రాసిపెట్టేదానికి అసలు వంతే రాలేదు. ఒకే కేబుల్‌ను ఇద్దరికి పంచినట్టు నటించే ఒక చిట్కా దొరికితే అదీ పెట్టి చూశాను. ఇంకా ఘోరం. రెండూ ఒకేసారి అడుగుతాయి, రేడియో ఇద్దరికీ కలిపి జవాబు చెబుతుంది, ఒకరికి చెప్పిన జవాబును ఇంకొకరు ఎత్తుకుపోతారు. వీధి కొళాయి దగ్గర బిందెల తగాదా కూడా దానికంటే మర్యాదగా జరుగుతుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. షాపులో కూర్చుని ఆ ప్రోగ్రాములను నేను తిట్టిన తిట్లకు, అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

వెతగ్గా వెతగ్గా, చివరికి చూడ్డానికి ఏమీ లేని ఒక ప్రోగ్రాం దొరికింది. దానికి బొమ్మ లేదు, బటన్ లేదు, రంగు లేదు. నల్లటి కిటికీలో ఒక వరుస కనబడుతుంది, అంతే. అది కేబుల్‌ను పట్టుకుని కూర్చుంటుంది. మిగతా ప్రోగ్రాములేవీ రేడియోను ముట్టవు, దీన్ని అడుగుతాయి. "రేడియో ఇప్పుడు ఎక్కడుంది?" అని ఒకటి అడిగితే చెబుతుంది. "అంకెను కొంచెం కిందికి దించు" అని ఇంకొకటి అడిగితే దించుతుంది. ఎందరు అడిగినా వరుసలో ఒక్కొక్కరికే జవాబు, ఎవరి జవాబు వాళ్ళకే. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో, ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్ళు, ఏళ్ళ తరబడి తలా ఒక చెయ్యి వేసి రాసి, ఊరికే వాడుకోండని వదిలేశారట. నాకు తెలిసిన మంచి పనులన్నింటికీ ముందు ఫొటో, వెనక పేరు ఉంటాయి. దీనికి అవేవీ లేవు. ఆ నల్ల కిటికీ ముందు కాసేపు చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఆ ఆదివారం మామకు చెప్పబోతే, "కంప్యూటర్ కథలు నాకెందుకు మే" అని విసుక్కున్నాడు. అప్పుడు ఆయన పాత ఉద్యోగమే నాకు ఉపాయం చెప్పింది.

"మామా, సబ్‌స్టేషన్‌లో నువ్వేం చేస్తాంటివి? లైన్‌మెన్ నలుగురు నాలుగు ఊర్ల నుంచి ఫోన్ చేస్తాంటిరి. కరెంటు ఎవురు తీస్తాంటిరి?"

"నేనే. ఇంకెవురు తీస్తారు?"

"వాళ్ళే వచ్చి స్విచ్చి తీసుకోకూడదా?"

మామ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఎట్ల తీసుకుంటారు? ఎల్‌సీ అడగల్ల. నేను లైన్ ఆపి, ఎల్‌సీ ఇచ్చినా అంటేనే స్తంభం ఎక్కల్ల. దిగినాక మళ్ళ ఫోన్ చేసి ఎల్‌సీ వాపస్ ఇయ్యల్ల. ఒకే లైన్ మీద ఇద్దరు తీసుకున్యారంటే ఇద్దరూ వాపస్ ఇచ్చేదాకా నేను కరెంటు వదల్ను. ప్యానెల్ మీద చెయ్యి ఒకటే ఉండల్ల."

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. కరెంటు పని చేసేవాళ్ళకు ప్రాణాలు నిలిపే మాట అది.

"ఇదీ అంతే. ప్యానెల్ దగ్గర నీ మాదిరి ఒకడు కూర్చున్యాడు. మిగతా ముగ్గురూ వాన్ని అడుగుతారు" అన్నాను.

"ఓహో, నడిమోడన్న మాట" అన్నాడు మామ. ఆ ప్రోగ్రాంకు అదే పేరు స్థిరపడింది.

నడిమోణ్ణి ముందు లేపి, తర్వాత మిగతా మూడింటినీ ఒక్కొక్కటిగా తెరిచాను. ఒక్కటీ ముఖం తిప్పుకోలేదు. మామ చెయ్యి తీసి డయల్ మీద పెట్టి, తిప్పమన్నాను. తిప్పాడు. రేడియో మీద అంకె మారింది. దావ చూపే ప్రోగ్రాంలో అదే అంకె మారింది. రాసిపెట్టే ప్రోగ్రాంలోనూ అదే అంకె. ఆయమ్మ ఆ అంకెనే పైకి చదివింది. నాకు ఒళ్ళు జలదరించింది. నేను రోజూ కంప్యూటర్లతో తలబాదుకునేదాన్ని, నాకు ఇందులో వింత ఉండకూడదు. కానీ ఆ మూడు ప్రోగ్రాములను రాసినవాళ్ళు ఒకరికొకరు తెలియదు, ప్రోగ్రాములకూ ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. తనొక్కటే రేడియోతో మాట్లాడుతున్నానని ప్రతిదీ అనుకుంటోంది. అయినా ఒకదాన్నొకటి తొక్కుకోకుండా అన్నీ ఒకే మాట మీద ఉన్నాయి. మా ఇంట్లో ముగ్గురం ఒక మాట మీద ఉన్న సందర్భం నాకు గుర్తు లేదు.

మర్నాడు షాపుకు సెలవు పెట్టి అక్కడే ఉండిపోయాను. పొద్దున ఒక ఉపగ్రహం ఉంది. మామ తలస్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకుని గోడకు ఆనుకున్నాను. ముట్టనని మాట ఇచ్చాను.

ఉపగ్రహం లేచింది. స్పీకర్‌లో గాలి హోరు, దాని మధ్య సన్నగా ఎవరివో గొంతులు. దావ చూపే ప్రోగ్రాం పని మొదలుపెట్టింది. అంకెలు కిందికి జారుతున్నాయి, ఆయమ్మ జారిన ప్రతి అంకెనూ వల్లె వేస్తోంది. మామ నొసలు ముడిపడింది. అంకె జారిందని వినగానే కుడి చెయ్యి తనంతట తనే డయల్ మీదికి పోయి, జారిన అంకెను వెనక్కి లాక్కొచ్చింది. మళ్ళీ జారింది, మళ్ళీ లాగాడు. గొంతులు కాస్తా కప్పలయ్యాయి. మామ మైకు నొక్కి మాట్లాడితే ఆయన గొంతు పై నుంచి తిరిగి వచ్చింది గానీ, అది మామ గొంతని కన్నతల్లి కూడా చెప్పలేదు. పిల్లి కూతలాగా మొదలై, లావై, హోరులో కలిసిపోయింది.

జరిగిందేమిటంటే, దావ చూపే ప్రోగ్రాం మర్యాదస్తురాలు. మనిషి డయల్ తిప్పితే, "ఓహో, అయ్యగారు ఇంకో చోటికి పోదామంటున్నారు" అనుకుని ఆ కొత్త చోటి నుంచి లెక్క మొదలుపెడుతుంది. మామ ఉన్నచోటే ఉండాలని వెనక్కి లాగుతున్నాడు. అదేమో ఆయన ఎక్కడికో పోవాలనుకుంటున్నాడని వెంట నడుస్తోంది. ఏళ్ళ తరబడి జారిన అంకెను చేత్తో పట్టి నిలిపిన హ్యామ్ తప్ప ఈ పొరపాటు ఇంకెవరూ చేయరు. కొత్తగా నేర్చుకున్నవాడికి డయల్ ముట్టాలనే తోచదు.

"చెయ్యి తీ మామా! తీయ్ చెయ్యి!" అని అరిచాను.

"నా రేడియో మే ఇది! జారిపోతాంటే సూస్తా కూర్చోమంటావా?"

"జార్తాండేది కాదు, అది సర్దుతాండాది! నీకెన్నిసార్లు చెప్పల్ల!"

ఉపగ్రహం దిగిపోయింది. స్పీకర్‌లో హోరు ఒక్కటే మిగిలింది. మామ లేచి నిలబడి, "కాదులే మే ఇది. తీసుకుపో" అన్నాడు. నాకు తిక్క రేగింది. సరే, తీసుకుపోతా అని బల్ల వెనక్కి దూరి కేబుల్ పీకాను. నా కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. బొరుగుల ఉగ్గాని గిన్నెతో లోపలికి వచ్చిన అత్త ఇద్దరినీ చూసింది.

"పెట్టు మే ఆడ ఆ తీగ" అంది నాతో. తర్వాత మామ వైపు తిరిగి, "నువ్వు కూర్చో. ఇద్దరూ ముందు తినండి" అంది.

ఇద్దరం కూర్చుని ఉగ్గాని తిన్నాం. గిన్నె సగమయ్యాక మామ తినడం ఆపాడు.

"ఏమ్మే, దావ చూపేది అంకె మార్చల్లంటే నడిమోన్ని అడుగుతాదా?"

"ప్రతిసారీ అడుగుతాది."

"ఆయమ్మ?"

"ఆయమ్మా అడుగుతాది. అడగకుండా ఎవరూ ఏమీ చెయ్యరు మామా."

"మరి నా చెయ్యి ఎవుర్ని అడిగింది?"

మామ ముఖంలో నవ్వు మెల్లగా మొదలై, భుజాలు కదిలేంత అయ్యింది. "ఎల్‌సీ లేకుండా స్తంభం ఎక్కినోళ్ళను నేను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినా. ఈ పొద్దు నేనే ఎక్కినా గదా మే!" అని తొడ చరుచుకున్నాడు. అత్తకు సంగతి అర్థం కాకపోయినా తనూ నవ్వింది. నేను కేబుల్ తెచ్చి మళ్ళీ పెట్టాను.

నవ్వాక కూడా మామ ఆలోచన ఆగలేదు. "చెయ్యి ఊరికే పోలేదు. ఆయమ్మ జారింది జారింది అని చెవిలో నస పెడతాంటే చెయ్యి ఎట్లుంటాది? దాన్ని నోరు మూసుకోమను. నేను అడిగితేనే చెప్పల్ల" అన్నాడు.

నాకు ఆ ఆలోచనే రాలేదు. చూపు లేని మనిషికి ఎంత ఎక్కువ చెబితే అంత మేలని అనుకున్నాను. కీబోర్డు మీద ఒక కీకి గమ్ బొట్టు అంటించి గట్టిపడనిచ్చాను, వేలికి తగలాలని. అది నొక్కితేనే ఆయమ్మ పలుకుతుంది. కంప్యూటర్ వేయగానే నడిమోడు ముందు, తక్కినవి తర్వాత, వాటంతటవే లేచేటట్టు కూడా చేశాను.

ఆ సాయంత్రం ఎండ చల్లబడే వేళకు ఇంకో ఉపగ్రహం వచ్చింది. మామ ఎడమ చేత మైకు పట్టుకున్నాడు. కుడి చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీదే కూర్చున్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆ చెయ్యి అలా కట్టడి చేసుకోవడం ఆయనకు ఎంత కష్టమో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

హోరు లేచింది. మామ మైకు నొక్కి, ప్రభుత్వం తనకిచ్చిన గుర్తు అక్షరాలు పలికాడు. అవే అక్షరాలు ఆకాశం నుంచి తిరిగి వచ్చాయి, మామ గొంతుతోనే. ఆయనకు ఎప్పుడూ ఉండే ఆ జీరతో సహా.

మామ మళ్ళీ పలికాడు. మళ్ళీ వచ్చింది. తెర మీద నేను చూస్తున్నాను. కిందికి వచ్చే మాట అంకె దిగుతోంది, పైకి పోయే మాట అంకె ఎక్కుతోంది, ఒకటి ఇటు, ఒకటి అటు, క్షణం ఆగకుండా. నెత్తిమీద ఆకాశంలో ఎక్కడో, నేను లెక్క కట్టలేనంత వేగంతో ఒక డబ్బా పరుగెత్తుతోంది. కింద ఈ చిన్న గదిలో నాలుగు ప్రోగ్రాములు ఒకదానికొకటి చోటిచ్చుకుంటూ దాని వెంట పోతున్నాయి. ఇంత కదులుతున్నా మామ గొంతు మాత్రం బండరాయిలా కదలకుండా ఉంది. దేవుడి గదిలో కూడా నాకు అంత భక్తి పుట్టలేదు. పెద్ద మాట అనుకోకండి, అప్పుడు నాకు అలాగే అనిపించింది.

"అంకె ఎట్లన్నా పోనీ మే. గొంతు నిలిచింది" అన్నాడు మామ. ఆయన చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి కుడి చెయ్యి తీయలేదు. అత్త వచ్చి కొంగుతో తుడిచింది.

మామ ఎవరితోనూ మాట్లాడకముందే ఉపగ్రహం దిగిపోయింది. అయ్యో, పలకరించాల్సింది మామా అన్నాను. మామ ఒప్పుకోలేదు.

"ఈ పొద్దు వద్దులే. ఇంగ నువ్వు పో. నువ్వు ఈడ నిలబడి ఉంటే, నడిపింది నేనేనా కాదా అని నాకు తెలీదు. నువ్వు లేనప్పుడు సూస్తా. కాలేదంటే నేనే ఫోన్ చేసి తీసుకుపొమ్మంటా."

కళ్యాణదుర్గం బస్సెక్కాను. ఆ తర్వాత ఫోన్ మోగినప్పుడల్లా మామేనేమోనని చేతిలో పని వదిలేసి చూసేదాన్ని. మామ నుంచి ఫోన్ రాలేదు. నేను చేయలేదు, చేస్తే నిలదీసినట్టవుతుంది. ఆ వారం చివర్లో అత్త చేసింది. చెల్లెలి ఇంట్లో ఏదో పని ఉండి మడకశిరకు వచ్చిందట.

"సంగటి చేసి పెట్టి వచ్చినా మే. ఒక్కడే ఉండాడు. ఫోన్ చేస్తే ఎత్తలా. నీకేమన్నా చేసినాడా?"

లేదన్నాను. గాబరా పడొద్దని చెప్పాను గానీ నాకే గాబరాగా ఉంది. పక్కింటివాళ్ళను పంపుదామా అనుకున్నాను. ఇంతలో సాయంత్రం ఉపగ్రహం వేళయింది. షాపుకు తాళం వేసి, నా ల్యాప్‌టాప్, చిన్న రిసీవరు, చేత్తో పట్టుకునే యాంటెన్నా తీసుకుని షాపు పైనున్న డాబా ఎక్కాను. కింద బస్టాండు దగ్గర షేర్ ఆటోవాళ్ళు అరుస్తున్నారు. పడమటి గుట్ట మీద గాలిమరలు ఎర్రటి ఎండలో నిదానంగా తిరుగుతున్నాయి. యాంటెన్నా ఆకాశం వైపు ఎత్తి విన్నాను.

చాలాసేపు హోరే. తర్వాత, ఏ జారుడూ లేకుండా, పక్కనే కూర్చుని మాట్లాడినంత నింపాదిగా మామ గొంతు వచ్చింది. బస్సులో పోయేంత దూరంలో ఉన్న మనిషి మాట, ఆకాశమంత ఎత్తుకు పోయి నా దగ్గరకు దిగుతోంది. ఆయన పిలుస్తున్నాడు. నేపాల్ నుంచి ఒక ఆవిడ జవాబిచ్చింది. పేర్లు చెప్పుకున్నారు. అక్కడ వానలు ఎడతెగకుండా పడుతున్నాయని ఆవిడ ఇంగ్లీషులో చెప్పింది. ఇక్కడ వానే లేదు, కానీ ఆకాశం చాలా బాగుంటుందని మామ అన్నాడు. ఏ అంకె మీద ఉన్నారో రాసుకుంటానని ఆవిడ అడిగింది. ఒక్క క్షణం ఆగమన్నాడు మామ. మైకు నొక్కే ఉంచాడు కాబోలు, ఆయన వెనక సన్నగా ఆయమ్మ గొంతు అంకెలు పలకడం వినబడింది. మామ ఆ అంకెలు ఆవిడకు ఒప్పజెప్పాడు. ఆ గదిలో ఇంకే మనిషి అలికిడీ లేదు.

ఉపగ్రహం దిగిపోయింది. యాంటెన్నాను పిట్టగోడ మీద పెట్టి, ఉండబట్టలేక ఫోన్ చేశాను. ఈసారి ఎత్తాడు.

"మామా, విన్నా! అంతా విన్నా! ఎంత బాగా..."

"విన్నావా? మంచిది. పెట్టెయ్ మే ఫోను. మడకశిర దిక్కు నుంచి ఇంగొకటి లేస్తాండాది" అన్నాడు, నా మాట పూర్తికాకముందే పెట్టేశాడు.

మామ నాకంటే ముందు ఫోన్ పెట్టేయడం అదే మొదటిసారి. నేను డాబా మీద ఒక్కదాన్నే నిలబడి, పక్క డాబా మీద బట్టలు తీస్తున్న ఆవిడ ఏమైందమ్మా అని అడిగేంత వరకూ ఏడుస్తూ నవ్వుతూ ఉండిపోయాను. ఏమీ లేదు, మా మామకు నాతో మాట్లాడే తీరిక లేదంట అని చెప్పాను.